బాబూరావు అనే పేరు

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దాను. ఈ కాగితానికే నాలుగు రోజులు పట్టింది. ఇందులో తాయారమ్మను నేనే; ‘నేను, నేను’ అని రాయడానికి సిగ్గేసి పక్కింటామె కథలా రాస్తున్నాను.

రంగూన్ లమ్మడా పేటలో తాయారమ్మ ఉండే అంతస్తులోనే విజయశ్రీ అనే పిల్ల ఉండేది. రంగూన్ తెలుగువాళ్ల మాట మీద పరిశోధన దానిది. ‘ప’ అంటే పెదవులు విడిపోయాక గొంతు మోగుతుందట, ‘బ’ అంటే విడకముందే మోగుతుందట. ఎంత ముందో కంప్యూటరు గీత గీసి చూపిస్తుంది. పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదని, పలికించే మాటల జాబితాలో అందరి నోటా నానే పేర్లే పెట్టింది. ఒక్కో పేరూ మూడేసి సార్లు అనాలి. పదకొండుమంది అనేశారు. పన్నెండో మనిషి తాయారమ్మ. రికార్డు చేసినవన్నీ మర్నాడే అప్పగించాలి. ఏ మనిషికి ఒక్క పేరు తగ్గినా ఈ ఏడాది పోయినట్టేనని దాని పరిశోధన చూసే మేడమ్ తేల్చేసిందట.

రికార్డులో వీధి గోల పడకుండా బట్టల బీరువాలో బొంతలు వేలాడదీసి, తాయారమ్మను అందులో కూర్చోబెట్టింది.

“ఏటే పిల్లా, తాళమెయ్యవు కదా?”

“తాళం లేదు మామ్మా. తలుపే సరిగ్గా పడదు.”

తాయారమ్మ ‘పద్మిని’ అంది. ధర్మారావును దర్మారావు అంది. అలాగే కావాలని పిల్ల మురిసిపోయింది. తర్వాత బాబూరావు. తాయారమ్మ దగ్గింది, మంచినీళ్లు అడిగింది, బదులుగా బుల్లియ్య అంటానని బేరమాడింది. మారిస్తే మిగతావాళ్లతో పోల్చడానికి ఉండదని పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

“ఆ పేరుతో నీకేటి గొడవ మామ్మా?”

“మా ఆయనదే కదే.”

విజయశ్రీ తెల్లబోయింది. ఆయన పనిచేసిన సేక్కాన్ రేవులో అందరూ ఆయన్ను ఊ టిన్ మౌంగ్ అనే బర్మా పేరుతోనే పిలిచేవారు. ఆ పేరు తాయారమ్మా ధారాళంగా చెప్పేది, అది ఆఫీసు పేరని. తెలుగు పేరు మాత్రం పెళ్లయ్యాక ఒక్కసారీ పలకలేదు. ఆయన పోయాకా పలకలేదు.

పిల్ల జాబితా మడిచేసి, పోనీలే, వచ్చే ఏడు చూసుకుంటానంది. అదే తాయారమ్మను పొడిచింది. తన మొహమాటానికి ఒక పిల్ల ఏడాది పోయిందంటే ఆయన ఊరుకునే మనిషి కాదు.

“తలుపెయ్. నువ్వు అటు తిరుగు.”

మొదటిసారి తనకే వినపడనంత మెల్లగా అంది. రెండోసారి మామూలుగా అంది. మూడోసారి నవ్వొచ్చింది.

“మామ్మా, ఇంత పొడుగు గీత ఎవరిదీ రాలేదు. పెదవి విడకముందే గొంతు మొదలైపోయింది.”

“అవదేటి? ఎన్నాళ్లు ఆపుకున్నానో.”

ఇంకో మూడుసార్లు అనమంటావా అని అడిగింది తాయారమ్మ. చాలన్నా వినకుండా, తలుపు తెరిచి మరీ అంది.

తాయారమ్మ, డెబ్బై రెండేళ్లు, ప్రస్తుతం ఉండేది రంగూన్ దగ్గరి ట్వంటే ఊళ్లో.