వెనక సీటు లేని బండి

స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అప్పలమ్మ. దీపం పెట్టి, షుగర్ సూది పొడుచుకుని, వంటింట్లోకి వెళ్లేది. ఒక దోసెడు బియ్యం కడిగి తపేలాలో పోసి పొయ్యి మీద పెట్టేది. ఇంట్లో ముగ్గురే ఉన్నా, పండక్కి ముప్పై మంది దిగినా అదే దోసెడు. మూత తీసేసరికి ఎంతమంది తినబోతున్నారో అంతమందికీ సరిపడా అన్నం ఉండేది.

ఆ తపేలా వాళ్ల అవ్వది. ఓడెక్కి ఈ దేశం వచ్చి చెరుకు తోటల్లో కూలి చేసిన రోజుల్లో స్టాంగర్‌లో కొనుక్కుందట. క్లెయిర్‌వుడ్‌లో కాపురం ఉన్నప్పుడు ఇరుగుపొరుగు వాళ్లు కంచె మీదుగా "ఇవాళ మీ తపేలా ఎంతమందికి వండింది?" అని అడిగి, వాళ్లింటికి కూడా చుట్టాలు దిగబడతారేమోనని చూసుకునేవాళ్లు. అప్పలమ్మకి వచ్చిన ఒకటి రెండు పెళ్లి సంబంధాలూ తపేలా ఎక్కువ వండిన రోజుల్లోనే వచ్చి, కడుపునిండా తిని వెళ్లిపోయాయి. నాన్న రేవులో మూటల కింద నలిగి చనిపోయిన రోజు మధ్యాహ్నం మాత్రం అది ఒక పళ్లెం తక్కువ వండింది. అమ్మ మూత తీసి చూసి, పొయ్యి ఆర్పేసి, కబురు తెచ్చే మనిషి కోసం గుమ్మంలో కూర్చుంది.

అమ్మ కూడా ఎంతోకాలం ఉండలేదు. తమ్ముడు దేవన్‌ని అప్పలమ్మే పెంచింది. కూరగాయల మడుల్లో కొత్తిమీర, మెంతికూర కోసి, కట్టలు కట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మి వాడికి చదువు చెప్పించింది. ఇప్పుడు వాడు బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. వాడి పెళ్లాం సావీ మందుల షాపులో పనిచేస్తుంది. అప్పలమ్మకి మిగిలింది వంగని మోకాలు, షుగరు, ఆ తపేలా.

తెల్లవాళ్ల పాలన పోయి, అన్ని రంగులవాళ్లూ కలిసి మొదటిసారి ఓట్లు వేసిన ఏడాది చలికాలంలో వాళ్ల పాత కారు రోడ్డు మధ్యలో ఆగి, ఇక కదలనంది. దేవన్‌కి బాధకంటే సంతోషమే ఎక్కువైంది. దక్షిణ తీరంలో, సెలవులకి చక్రాల ఇళ్లు తెచ్చుకుని దిగే కారవాన్ పార్కుల గేట్ల మీద 'తెల్లవాళ్లకు మాత్రమే' అన్న బోర్డులు పీకేసినప్పటి నుంచీ వాడి మనసు ఒక చిన్న కాంపర్ వ్యాన్ మీద ఉంది.

"రోజూ కారులా వాడుకోవచ్చు. ఫ్యాక్టరీకి, షాపుకి, సరుకులకి. సెలవొస్తే అందులోనే వండుకుని, అందులోనే పడుకోవచ్చు. ఒక్కటి కొంటే రెండు కొన్నట్టు," అన్నాడు సావీతో.

సావీ కాదనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరే ఉన్న రాత్రి ఒక్కటీ లేదు. ఆ ఇంటి గోడలు పలచన. అప్పలమ్మ దగ్గితే వీళ్ల మంచం ఊగినట్టుండేది. ఆవిడ మంచిదే. మంచివాళ్లతోనే కష్టం, కోప్పడి తలుపేసుకోవడానికి కూడా వీలుండదు.

నది పక్కన సెసిల్ అనే ఆయన పాత బళ్లు బాగుచేసి అమ్ముతుండేవాడు. శనివారం ఇద్దరూ వెళ్లేసరికి ఆయన దగ్గర రెండు చిన్న వ్యాన్లు ఉన్నాయి. ఒకటి తెల్లది. ముందు రెండు సీట్లు, వెనక పరుపు, గ్యాస్ పొయ్యితో ఒక అలమర, కిటికీలకి పూల కర్టెన్లు. రెండోది గోధుమ రంగుది, తలుపు అంచున తుప్పు. దాంట్లో అలమర చిన్నది. కానీ వెనక ఒక సీటు ఉంది, రాత్రి మడతపెడితే అదే మంచం. ఎక్కడానికి కింద ఒక మెట్టు కూడా ఉంది.

"ఇంట్లో పెద్దవాళ్లుంటే గోధుమ రంగుది తీసుకోండి," అన్నాడు సెసిల్. "తెల్లదాంట్లో బండి నడిచేటప్పుడు వెనక ఎవరినీ కూర్చోబెట్టకూడదు. ఇద్దరికే అది."

సావీ తెల్లబండి పరుపు మీద చెయ్యి వేసి, ముడతలు సరిచేసింది. "మరి వదిన?" అంది, మొహం ఇటు తిప్పకుండా.

"రోజూ ఎక్కేది మనిద్దరమేగా. శుక్రవారం గుడికి అక్కని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తా," అన్నాడు దేవన్.

అది అబద్ధం కాదు. కానీ అక్క ఎక్కితే ఆవిడతోపాటు సూదుల డబ్బా, దీపం కుంది, భజన క్యాసెట్లు, 'ఏట్రా తిన్నావా' అన్న ప్రశ్న కూడా ఎక్కుతాయని, అప్పుడు సెలవు సెలవులా ఉండదని వాడు లోలోపల అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే తెల్లబండికి సరేనన్నాడు. ఆ సంగతి సావీకి అర్థమైంది. ఆవిడా ఇంకో మాట అడగలేదు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, "అక్కా, ఈ సైజులో ఒక్కటే దొరికింది. ఇద్దరు కూర్చునేదే," అన్నాడు.

అప్పలమ్మ మెంతికూర వలుస్తోంది. "దొరికిందే సాల్రా," అంది.

బండి ఇంటికొచ్చిన రోజు నిమ్మకాయలు, కొబ్బరికాయ, కర్పూరం అన్నీ అప్పలమ్మే సిద్ధం చేసింది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త బండిలో మొదట కూర్చోవలసింది ఇంటికి పెద్ద. ఆ బండి మొదటి ప్రయాణంలో తినే అన్నం కూడా పెద్దచేతి వంటే అవ్వాలి. అప్పలమ్మ పసుపు రాసి, దిష్టి తీసి, తలుపు పట్టుకుని ఎక్కబోయింది. మోకాలు లేవలేదు. దేవన్ నడుం పట్టి ఎత్తి కూర్చోబెట్టాడు. మెట్టున్న బండి కళ్ల ముందు కదిలి, వాడి చెవులు వేడెక్కాయి.

ఆవిడ సీట్లో సర్దుకుని వెనక్కి తిరిగి చూసింది. పరుపు చూసింది, పొయ్యి చూసింది. వెనక సీటు లేకపోవడం కూడా చూసే ఉంటుంది.

"కర్టెన్లు కూడా ఉన్నాయిరా," అంది.

దొంగకు తేలు కుట్టినట్టు దేవన్ బండి స్టార్ట్ చేసి, వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు.

చలికాలపు జూలై సెలవుల్లో వాళ్లిద్దరూ పొద్దున్నే బయల్దేరుతుంటే అప్పలమ్మ తపేలా కడిగి, బట్టలో చుట్టి సావీ చేతికిచ్చింది.

"ఇదెందుకు వదినా? మీకు వంట?"

"మొదటి తిరుగుడు కదా, పెద్దచేతి అన్నం ఉండాల. నేను రాకపోతే ఏటి, నా చెయ్యి వస్తది. నాకు ఇంట్లో గిన్నెల్లేవా?"

"అక్కా, రెండ్రోజులేగా. మందులు టైముకి వేసుకో," అన్నాడు దేవన్. ఆవిడ ముందు గొంతు మరీ మంచిగా పెట్టి మాట్లాడుతున్నానని వాడికే తెలిసింది.

"నేను ఏసుకుంటాన్లే. నువు పో," అని అప్పలమ్మ గేటు పట్టుకుని నిలబడింది. బండి మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది. దేవన్ అద్దంలో చూడకూడదనుకుంటూనే చూశాడు.

గంట ప్రయాణం. ఎడమ పక్కన సముద్రం, కుడి పక్కన చెరుకు. సావీ చెప్పులు విప్పి కాళ్లు ముందుకి చాపుకుంది, చిన్నగా పాడింది కూడా. కారవాన్ పార్కు గేటు దగ్గర కాపలాదారు చెయ్యి ఊపి లోపలికి పంపాడు. అంతే. అంత తేలిగ్గా లోపలికి వెళ్లిపోగలమని దేవన్ అనుకోలేదు. గేటు దాటుతూ ఉండగా వాడికి ఆ గేటు ఇంతకుముందు చూసినట్టు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు మామ కూరగాయల లారీలో వచ్చారు. ఇదే గేటు. లారీ బయటే ఆపాలి, బుట్టలు మాత్రం లోపలికి వెళ్లాలి. లోపల వరసగా చక్రాలున్న చిన్న చిన్న ఇళ్లు, వాటికి కర్టెన్లు. అందులోకి వెళ్తానని వాడు నేలమీద పడి ఏడ్చాడు. అప్పుడు ఎవరో వాడిని చంకనెత్తుకుని, కంచె పైనుంచి కనబడేలా ఎత్తి పట్టుకున్నారు. "ఏడవకు. ఎప్పుడో ఒకనాడు మనిద్దరం అందులో పడుకుందాం," అన్నారు.

ఆ కర్టెన్లు వాడికి ఇన్నేళ్లూ గుర్తున్నాయి. ఎత్తుకున్న చంక అక్కదని మాత్రం ఇప్పటిదాకా గుర్తురాలేదు.

"ఏమైంది?" అంది సావీ.

"ఏం లేదు," అన్నాడు.

ప్రతి చలికాలం ఆ తీరానికి గుంపులుగా వచ్చే సార్డీన్ చేపలు ఆ పొద్దున్నే వచ్చాయి. జనం లంగాలు, ప్యాంట్లు తడుపుకుంటూ బుట్టలతో నీళ్లలోకి పరిగెత్తుతున్నారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మనవాళ్లు అందరూ ఒకళ్లమీద ఒకళ్లు పడుతున్నారు. సావీ ఒక బుట్టెడు పట్టుకొచ్చి, చింతపండు పిసికి పులుసు పెట్టింది. పక్క పొయ్యి మీద తపేలా పెట్టి, దోసెడు బియ్యం పోసింది. ఉడికాక మూత తీసి, అలాగే నిలబడిపోయింది.

"దేవన్, ఇలా చూడు."

తపేలాలో మూడు పళ్లేల అన్నం ఉంది.

దేవన్ గరిటె తీసుకుని తనే పెట్టి చూశాడు. రెండు పళ్లేలు నిండాయి, మూడోదానికి సరిపడా మిగిలింది. "ఎవరైనా వస్తారేమో," అన్నాడు. పక్క కారవాన్ ముందు ఐవన్ అనే ముసలాయన కుర్చీలో కూర్చుని సముద్రం చూస్తున్నాడు. దేవన్ వెళ్లి, భోజనానికి రమ్మని బతిమాలినట్టే పిలిచాడు. ఇప్పుడే తిన్నానని ఆయన నవ్వుతూ చెప్పాడు. దేవన్ మొహంలో దిగులు చూసి, తన వల్ల ఏదో తప్పు జరిగిందేమోనని ఆయనే క్షమాపణ అడిగాడు.

తపేలా ఎప్పుడూ తప్పు వండలేదు. ఆ మూడో పళ్లెం ఎవరిదో ఇద్దరికీ తెలుసు. పార్కు ఆఫీసు గది దగ్గరున్న ఫోన్ నుంచి దేవన్ ఇంటికి చేశాడు. మోగింది. ఆగిపోయేదాకా మోగింది. మళ్లీ చేశాడు.

వాడు తిరిగి వచ్చేసరికి సావీ పొయ్యి ఆర్పేసి, పులుసు గిన్నెకి గుడ్డ కట్టేసి, తపేలా ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది. ఇద్దరూ మెతుకు ముట్టలేదు.

దారంతా సావీ తపేలా మూత మీద చెయ్యి పెట్టే ఉంచింది. "ఇంకా వెచ్చగానే ఉంది," అని మధ్యలో ఒకసారి అంది.

ఇంటికి చేరేసరికి పెరటి తలుపు తీసే ఉంది. అప్పలమ్మ వంటింటి గచ్చు మీద గోడకి జారగిలబడి కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ పోల్చుకోవడం లేదు. పొయ్యి చల్లగా ఉంది. పొద్దున సూది పొడుచుకుంది, ఆ తర్వాత ఏమీ తినలేదు. సావీ మందుల షాపులో ఎన్నో చూసిన మనిషి. వెంటనే చక్కెర నీళ్లు కలిపి, తల ఎత్తి పట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. కొంతసేపటికి ఆవిడ పెదాలు కదిలాయి.

"ఏట్రా, అప్పుడే వచ్చేశారు?"

దేవన్ తపేలాలోంచి ఆ మూడో పళ్లెం అన్నం వడ్డించి, పులుసు కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టాడు. ఆవిడ నమిలింది. వాడు రెండో ముద్ద కలుపుతూ అన్నాడు.

"అక్కా, అబద్ధం చెప్పాను. ఇంకో బండి ఉంది. వెనక సీటుది, మెట్టున్నది. కావాలనే వదిలేశాను."

"తెలుసులే," అంది అప్పలమ్మ. "ఆ సెసిల్ ఫోన్ సేశాడు. గోధుమ రంగుది ఎవరో అడుగుతున్నారు, పెద్దావిడ కోసం ఉంచాలా అని. ఇచ్చెయ్ బాబూ, మా వాళ్లకి సిన్నదే సాలు అన్నాను."

సావీ గోడ వైపు తిరిగి, మొహం కొంగుతో తుడుచుకుంది. "నేను కూడా అక్కడే ఉన్నాను వదినా," అంది. "నేనూ నోరు మూసుకున్నాను."

"మొగుడూ పెళ్లాలు ఒక పూట ఎక్కడికైనా పోవాలనుకుంటే అదేటి దొంగతనమా?" అంది అప్పలమ్మ. "సేపలో ఉప్పు తక్కువైంది."

ఇంకొంత ఆలస్యమై ఉంటే చెప్పలేమన్నాడు సాయంత్రం వచ్చిన డాక్టర్. దేవన్‌కి ఆ మాట చాలారోజులు నిద్ర పట్టనివ్వలేదు. అక్క క్షమించింది గదా అనుకుంటే బరువు తగ్గలేదు. ఆవిడ ముందే క్షమించేసి, చేతిలో తపేలా కూడా పెట్టి పంపిందని గుర్తొచ్చి ఇంకా పెరిగింది.

గోధుమ రంగు బండి అప్పటికే ఎవరిదో అయిపోయింది. అందుకని దేవన్ తెల్లబండినే సెసిల్ దగ్గరికి తోలుకెళ్లి, గ్యాస్ పొయ్యి అలమర మొత్తం పీకించేశాడు. పరుపు సగం కోయించాడు. ఆ చోట బెల్టుతో ఒక సీటు, కింద ఒక ఇనప మెట్టు పెట్టించాడు. ఇప్పుడది కాంపర్‌కి తక్కువ, కారుకి ఎక్కువ. సెసిల్ చూసి, బండిని పాడుచేశావన్నాడు. పూల కర్టెన్లు మాత్రం దేవన్ ఉంచేశాడు.

సెప్టెంబరులో ముగ్గురూ మళ్లీ ఆ దారినే వెళ్లారు. అప్పలమ్మ వెనక సీట్లో కాళ్లు చాపుకుని, తపేలా పక్కన పెట్టుకుని, కర్టెన్ తొలగించి సముద్రం చూస్తోంది. భజన క్యాసెట్ మోగుతోంది. చాలాసేపటి నుంచి నోట్లో ఆడుతున్న మాట దేవన్ అప్పుడు అడిగాడు.

"అక్కా, ఆరోజు ఇంట్లో ఇంకా గిన్నెలున్నాయి. బియ్యం ఉన్నాయి. ఎందుకు వండుకోలేదు?"

అప్పలమ్మ కిటికీలోంచి మొహం తిప్పలేదు.

"గిన్నె తీశానురా. బియ్యం కూడా దోసిట్లోకి తీసుకున్నాను. ఒక్కదానికి ఎంత పొయ్యాలో నాకు తెలీలేదు."

సావీ చెయ్యి చాచి క్యాసెట్ ఆపేసింది. దేవన్ బండి పక్కకి తీసి ఆపాడు.