గవర్రాజు గృహప్రవేశం

నేను ఇనప తీగల పంజరాన్ని. నాకు అసూయ ఎక్కువ. ఆ సంగతి నా నోటితోనే ముందు చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

రాజమండ్రిలో పాత బజారు వెనక సందులో పుట్టాను. నన్ను అల్లినవాడు పనిచేస్తూ లోకాభిరామాయణం మాట్లాడే మనిషి. ఆ కబుర్లలో పడి నా ఎడమ పక్క రెండు తీగల్ని వంకరగా బిగించాడు. ఆ వంకర చూసి పక్షుల వాళ్ళెవరూ నన్ను కొనలేదు. చివరికి ఒక కిరాణా కొట్టాయన తీసుకెళ్ళి, పిల్లి ముట్టకుండా నాలో కోడిగుడ్లు పెట్టుకున్నాడు. పక్షి కోసం పుట్టి గుడ్లకు కాపలా కాశాను. మనుషుల తెలివి అలా ఉంటుంది మరి.

ఆ కొట్టుకు ఎదురింట్లో రత్నకుమారి జాకెట్లు కుట్టేది. ఒకరోజు ఆవిడ నన్ను అడిగి తీసుకెళ్ళి, తోమి, ఆకుపచ్చ రంగు వేసి, కుట్టు మిషను పైన కొక్కేనికి తగిలించింది. మర్నాడు నాలోకి గవర్రాజు వచ్చాడు. బూడిద రంగు ఒళ్ళు, నెత్తిన పసుపు జుట్టు, బుగ్గల మీద నారింజ చుక్కలు. కాకటీల్ అంటారట, చిలకల్లో చిన్న జాతి. వచ్చినవాడు ఇల్లంతా ఒకసారి చూసి, సరిగ్గా ఆ వంకర తీగల పక్కనే చేరి, వాటికి వీపు ఆనించి నిద్రపోయాడు. ఎవరికీ పనికిరాని నా వంకర వాడికి దిండయింది. ఆ క్షణం నుంచి వాడు నా వాడు.

రత్నకుమారి మిషను తొక్కితే వాడు టకటకమని దాన్ని అనుకరిస్తూ ఈల వేసేవాడు. బేరానికి వచ్చిన ఆడవాళ్ళు జాకెట్టు సంగతి మరిచిపోయి వాడినే చూసేవారు. నాకు ఎంత గర్వమో!

ఆ వైభోగానికి దిష్టి తగిలింది. ఆవిడ భర్త సూర్యచంద్రరావు ఒకనాడు చిట్టెమ్మ అనే ఆడ చిలకను తెచ్చి నాలోనే పడేశాడు. దాని తోక నా తీగలకు రాసుకుపోతుంటే నాకు చిరాకేసేది. అంతలో ఆయనే, "పాపం, ఇరుగ్గా ఉందే వీటికి. మేడ మీద పెద్ద గది కట్టించేద్దాం," అన్నాడు. మరి తెచ్చిందెవరో!

వెల్డింగ్ నాగూరు వచ్చాడు. మేడ మీద మనిషి నిలబడేంత చిలకల గది లేచింది. చుట్టూ సన్నని వల, పైన రేకు, లోపల జామకొమ్మలు, ఉయ్యాల, గూడుకని పక్కన చిల్లు పెట్టిన మట్టికుండ. చూడ్డానికి వీధి వీధంతా మేడెక్కింది. "ఎంత బాగుందండీ బాబూ, మనమే ఉండిపోవచ్చు!" అని ఒకరూ, "ఆయ్, గాలి కూడా భలే ఆడుద్దండి," అని ఒకరూ. కింద కొక్కేనికి వేలాడుతూ ఇవన్నీ వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేం, గవర్రాజుకు గాలి ఆడనివ్వలేదా?

పైగా సూర్యచంద్రరావు, "చిలకలు పైకి చేరగానే ఈ తుక్కు పాత ఇనుముకి వేసెయ్," అన్నాడు. తుక్కట! నాకు బతుకు పోతుందన్న బాధ కన్నా, వాడు ఆ గది మహాతల్లి ఉయ్యాల ఊగుతాడన్న బాధే ఎక్కువైంది. ఆ గది కూలిపోను అని మనసారా తిట్టుకున్నాను.

కూలలేదు కానీ, గృహప్రవేశం వచ్చింది. నవ్వకండి, నిజంగానే చేశారు. సూర్యచంద్రరావు అక్క మహాలక్ష్మమ్మ పట్టుబట్టి ముహూర్తం పెట్టించింది. గదికి మామిడాకుల తోరణం కట్టారు. పాలు పొంగించారు. నన్నూ పైకి తెచ్చి గుమ్మం ముందు పెట్టారు. వాకిట్లో నిలబడి చూడమన్నమాట.

"రత్నం, ఊరికే వదిలేస్తావేంటే? కొత్తిల్లు. కుడికాలు ముందు పెట్టించాలి," అంది మహాలక్ష్మమ్మ.

"చిలకలకి కుడికాలేంటి వదినగారూ?"

"కాళ్ళున్న వాళ్ళందరికీ కుడికాలుంటుందమ్మా!"

చిట్టెమ్మ బుద్ధిగా కుడికాలు పెట్టి లోపలికి పోయింది. తర్వాత గవర్రాజు. సూర్యచంద్రరావు వాడిని గుప్పిట్లో పట్టుకుని, కాలు లాగి, "ఇది కుడా, ఎడమా?" అని తిప్పి చూస్తుండగా వాడు బొటనవేలు కసుక్కున కొరికాడు. "అమ్మో!" అని ఆయన చెయ్యి విదిలించాడు. అంతే, వాడు ఎగిరి పక్కింటి మునగచెట్టెక్కి కూర్చున్నాడు.

మొదట నాకు పండగే. ఆ మహాతల్లికి దక్కలేదు! కానీ అంతలోనే రెండు కాకులు వాడి మీదకు వచ్చాయి. వాడు అరుస్తూ కొమ్మ మారాడు. అప్పుడు తెలిసింది నాకు, వాడు నాకూ దక్కకుండా పోతున్నాడని. భయంతో నా తీగలన్నీ బిగుసుకుపోయాయి.

అందరూ ఈలలు వేశారు. కొర్రలు చల్లారు. గది తలుపు బార్లా తీశారు. వాడు అటు చూడలేదు. వాడికది ఇల్లని తెలిస్తే కదా!

రత్నకుమారి కళ్ళు తుడుచుకుని, "ఏవండీ, మిషను పైకి తెండి," అంది.

"మిషనా?"

"తెండంటే!"

ఆయనా నాగూరూ ఆపసోపాలు పడుతూ మెట్ల మీదుగా కుట్టు మిషను మోసుకొచ్చారు. ఆవిడ నా తలుపు తీసి, బట్టల తీగ కొక్కేనికి నన్ను తగిలించి, కింద మిషను వేసుకుని గుడ్డ లేకుండా తొక్కడం మొదలుపెట్టింది. టకటకటక. మునగచెట్టు మీంచి సన్నగా ఈల వచ్చింది. ఆవిడ ఆపలేదు. వాడు రివ్వున దిగి ఆ మహాతల్లి రేకు మీద వాలాడు. నా ప్రాణం పోయింది. వాడు రేకును ఒకసారి ముక్కుతో పొడిచి చూసి, నా దగ్గరికి ఎగిరొచ్చి, లోపలికి దూరి, వంకర తీగలకు వీపు ఆనించేశాడు.

"గొళ్ళెం వెయ్యి తల్లీ, గొళ్ళెం!" అని నేను మొత్తుకున్నాను. ఆవిడ ఒక్క ఉదుటున లేచి వేసింది.

"ఇంకో ముహూర్తం చూద్దాంలే," అంది మహాలక్ష్మమ్మ.

"కుడికాలూ వద్దు, ఎడంకాలూ వద్దు వదినగారూ. వాణ్ణి వాడింటితో సహా లోపల పెట్టేస్తాను," అంది రత్నకుమారి.

అలా నేను ఆ మహాతల్లి కడుపులోకే చేరాను. ఇంతకన్నా అవమానం ఉంటుందా అనుకుంటుండగా నాగూరు వచ్చి నా తలుపు ఊడదీశాడు. పాత ఇనుముకి పోయింది ఆ తలుపొక్కటే. తలుపు లేని పంజరం ఇక పంజరమేంటని కుమిలిపోయాను.

ఇప్పుడు గవర్రాజు పగలంతా ఉయ్యాల ఊగుతాడు, చిట్టెమ్మతో జామకొమ్మలు కొరుకుతాడు. చూస్తూ కుళ్ళుకుంటూనే ఉంటాను, అబద్ధమెందుకు. పొద్దు వాలేసరికి మాత్రం ఉయ్యాలనీ, కుండనీ, చిట్టెమ్మనీ వదిలి నాలోకి వస్తాడు. గొళ్ళెం ఉన్నన్నాళ్ళూ వాడు నా కోసం ఉన్నాడో, గొళ్ళెం వల్ల ఉన్నాడో నాకు తెలియలేదు. ఇప్పుడు వాడు వంకర తీగలకు వీపు ఆనించి, రెక్కల్లో తల దూర్చి నిద్రపోతుంటే, ఆ మహాతల్లి చుట్టూ నిలబడి చూస్తూ ఉంటుంది.

చూడనీ. ఇక కుళ్ళుకోవడం ఆవిడ వంతు.