కాసెట్టులో నా వంతు

అమలాపురంలో కొత్తగా పెట్టిన ఇంటర్నేషనల్ స్కూల్లో పిల్లకంటే ముందు తల్లిని పరీక్ష చేస్తారని పక్కింటి సూరమ్మగారు చెప్పేరట. కాట్రేనికోన నుంచి ఎవరిదో కోడలు వెళ్లి, ఇంగ్లీషులో పేరడిగితే తెల్లమొహం వేసిందట. పిల్లాణ్ణి అలాగే తిప్పి పంపేసేరట. నేను కొబ్బరి కోరుతుంటే మా అత్తగారు చేతిలో చేట అలాగే పట్టుకొచ్చి ఈ కబురు చెప్పేరు. మా పాప గ్రేసుకి బడి ఈడొచ్చింది. కోరు మీద చెయ్యి కాస్త ఆగింది, అంతే.

అత్తగారు ఆ కబురు కాసెట్టులో కూడా చెప్పి పంపితే, నెల తిరక్కుండా మస్కట్ నుంచి మా ఆయన జవాబు కాసెట్టు వచ్చింది. మా ఇంట్లో ఉత్తరాల్లేవు, మాటలు టేపు చేసి పంపుకోవడమే. టేపురికార్డరు నట్టింట్లో పెట్టి అత్తగారూ, ఆడపడుచు ఇందిరా, సూరమ్మగారితో సహా అందరూ చుట్టూ కూర్చుంటారు. పెళ్లయి ఆరేళ్లు. అందులో ఆయన ఇక్కడున్న నెలలు వేళ్ల మీద చెప్పొచ్చు. మిగతా కాలమంతా మొగుడి మాట నేనిలాగే, పదిమంది మధ్య, గుమ్మం పక్కన నిలబడి విన్నాను. ఇంతమందిలో నాకని ఏం చెప్పగలరు పాపం అనుకునేదాన్ని. ఈమధ్య ఆ పాపం అనడం మానేసేను.

"అమ్మా, గ్రేసుని ఆ ఇంటర్నేషనల్ స్కూల్లో వెయ్యండి. ఇంటర్వ్యూకి తల్లిగా ఇందిరని పంపండి, బి.ఏ. చదివింది కదా. దాని అమ్మ వెళితే పరువు పోద్ది."

సూరమ్మగారు నా వంక చూసి గబుక్కున చూపు తిప్పేసుకున్నారు.

అప్లికేషన్ ఇందిరే నింపింది. తల్లి పేరు దగ్గర తన పేరు రాసి, సిరా ఆరేదాకా ఊదింది. "ఏమనుకోకు వదినా, పాప కోసమే కదా."

నేను రాజోలు మిషను హాస్టల్లో ఎనిమిది దాకా చదివేను. పాలపొడి డబ్బా మీద గ్రేసు వేలు పట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది నేను. కాయలు దింపించిన రోజున కొబ్బరిరాశి ముందు కూర్చోబెట్టి అంకెలు నేర్పింది నేను. ఆదివారం చర్చిలో పాతికమంది పిల్లలకి పాటలు నేర్పేదీ నేనే. ఆఖరికి ఇది కూడా నా చేతే నేర్పించేరు, అక్కడ అత్తని మమ్మీ అనాలని.

"మరి నిన్నేమనాలి?" అంది గ్రేసు.

"అక్కడ నన్ను పిలవకమ్మా."

స్కూలంటే నాలుగు గదులూ, ఒక తాటాకు పాకా. బోర్డు మాత్రం పెద్దది. వాళ్లు లోపలికెళ్లేరు. నీళ్లసీసా పట్టుకుని నేను కిటికీ బయట, ఆయాలు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాను. హెడ్మిస్ట్రెస్ గారు ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడలేదు. పాప ఏం తినదు, దేనికి భయపడుతుంది, జ్వరమొస్తే ఎవర్ని అడుగుతుంది అని శుభ్రంగా తెలుగులో అడిగేరు. ఇందిర నీళ్లు నమిలింది. నేను బెంచీ మీద నుంచి, బయటికి రాని గొంతుతో, అన్నిటికీ జవాబు చెప్పుకున్నాను. మజ్జిగ ముట్టదండి. పడవంటే భయమండి, రేవు దాటినంతసేపూ నా చెంగు నోట్లో పెట్టుకుంటుందండి. మూడోదానికి, నన్నేనండి అనబోయి, నీళ్లసీసా మూత బిగించుకున్నాను.

సీటిచ్చేరు. బయటికొస్తూ హెడ్మిస్ట్రెస్ గారు నన్ను చూసి, "పాపని రోజూ తీసుకొచ్చే ఆయావి నువ్వేనా?" అన్నారు.

గ్రేసు నా మొహంలోకి చూసింది. పెదవులు కదిలేయి, పిలవలేదు. బాగా నేర్పేను.

"ఆయ్, నేనేనండి," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మస్కట్‌కి జవాబు కాసెట్టు. సీటొచ్చిన సంగతి అత్తగారు చెప్పేరు. ఇంటర్వ్యూ ఎలా చేసిందో ఇందిర చెప్పింది. ఎప్పట్లాగే ఆఖరి వంతు నాది.

"టేపు అయిపోవస్తోంది, బాగున్నామని చెప్పెయ్యి," అన్నారు అత్తగారు. ఇన్నాళ్లూ నేను చెప్పింది ఆ ఒక్క మాటే.

గ్రేసుని ఒళ్లోకి తీసుకుని టేపు దగ్గరికి జరిగేను.

"బాగోలేదండి. నేను దాని అమ్మని. రేపు స్కూలుకెళ్లి ఈ పిల్ల తల్లిని నేనని చెప్పి, ఆ కాగితంలో ఇందిర పేరు కొట్టించేస్తాను. సీటు ఉంటే ఉంటది, పోతే పోద్ది."

టేపు చివరిదాకా తిరిగింది. అందులో ఇంకెవరి గొంతూ పడలేదు.