ఇరవైలో ఆరు

జావా దీవిలోని బ్రోమో కొండ మీద చుక్కల ఫోటోలు తీసేవాళ్లకి పెద్ద శత్రువు టార్చి పట్టుకు తిరిగేవాడు. ఆ రాత్రీ అంతే. వీజీ కెమెరా బిగించగానే, దూరంగా ఇసుక మైదానం అంచున, లోయ గండిలో ఎవరిదో దీపం ఊగింది.

"వీడికి ఇప్పుడే తీరిక దొరికిందా," అని తిట్టుకుంది వీజీ.

పక్కన సరోంగ్ కప్పుకుని అల్లం టీ తాగుతున్న హర్యాది మాస్టారు నవ్వారు. సురబయా నగరం నుంచి వచ్చి ఆమెకి ఈ విద్య నేర్పింది ఆయనే. మెచ్చుకోలు ఆయన నోట అరుదు, ఎగతాళికి మాత్రం కొదవలేదు.

"ఎందుకంత ఏడుపు? చీకట్లో కెమెరా దానంతటదే రంగుచుక్కలు పుట్టిస్తుంది కదా, దానికేం చేస్తున్నాం? ఒకే దృశ్యం ఇరవైసార్లు తీస్తాం. ఎక్కువ ఫోటోల్లో ఉన్నది నిలుస్తుంది, వచ్చిపోయేదాన్ని కంప్యూటరు ఊడ్చేస్తుంది. వాడి దీపం ఓ ఆరింటిలో పడుతుందేమో. ఆ రంగుచుక్కల్లాగే అదీ నాయిసే, ఊడ్చేసే చెత్తే. కానియ్."

దీపం ఊగింది, ఆగింది, మళ్లీ ఊగింది. వీజీకి మనసు పీకింది.

"ఎవరైనా పిలుస్తున్నారేమో మాస్టారూ. కింద ఊళ్లోవాళ్లకి ఫోన్ చేస్తా."

"ముందా ఫోను వెలుగు ఆర్పు. రేపు మధ్యాహ్నంతో ఫోటోల పోటీ గడువు అయిపోతుంది. పాలపుంత నీకోసం ఆగుతుందా?"

ఆమె ఫోను జేబులో పెట్టేసింది. ఎవరూ చేతులు కట్టేయలేదు, తనే పెట్టేసింది. కాసేపటికి దీపం కనబడలేదు. పీడ వదిలిందనుకుంది.

తెల్లారాక, యాత్రికుల్ని గుర్రం మీద తిప్పే తమ్ముడు ప్రాయిత్ రాలేదు, అతని గుర్రం ఒక్కటే జీనుతో ఇంటికొచ్చింది. ఊళ్లోవాళ్లు వెతకడానికి బయల్దేరారు. వీజీ వెళ్లలేదు. "ఎక్కడో తాగి పడుంటాడు," అని కంప్యూటరు ముందు కూర్చుంది. పదకొండింటికి ఫోటో పోటీకి పంపి, మాస్టారికీ ఒకటి పంపింది. ఒంటిగంటకి ప్రాయిత్‌ని గండిలోంచి మోసుకొచ్చారు. తొడ ఎముక విరిగింది, ప్రాణం లేదు, ఒళ్లు చలికి బిగుసుకుపోయింది. ఛార్జి అయిపోయిన టార్చి నడుముకి చెక్కి ఉంది. దాన్ని పట్టించుకుంది వీజీ ఒక్కతే.

తెల్లవారుజామునే సురబయా వెళ్లిపోయిన మాస్టారు సాయంత్రం ఫోన్ చేశారు. విషయం ఆయనకింకా తెలియదు. "ఫోటో గాజులా ఉంది. ఒక్క మచ్చ లేదు," అన్నారు. నాలుగేళ్లలో ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

ఆమె ఇరవై ఫోటోలూ ఒక్కొక్కటే తెరిచింది. ఆరింటిలో దీపం ఉంది. మొదటి మూడింటిలో చెయ్యెత్తినంత ఎత్తున ఉంది, తర్వాతివాటిలో నేలకి ఆనుకుని ఉంది.

తల్లి వచ్చి పక్కన కూర్చుంది. "వాడు పడగానే పోయాడంటున్నారే గుర్రాలవాళ్లు. నువ్వు కొండమీదే ఉన్నావుగా. నిజమేనా?"

"నిజమేనమ్మా. పడగానే పోయాడు."

"పోన్లే. ఎవరైనా వస్తారని ఎదురుచూడలేదు నా బిడ్డ." తల్లి కళ్లు తుడుచుకుని, తెరమీదున్న శుభ్రమైన ఫోటో వైపు చూసింది. "ఇది పెద్దది చేయించు. కర్మ రోజున వాడి పటం దగ్గర పెడదాం. వాడు పోయిన చోటు ఎంత నిమ్మళంగా ఉందో అందరూ చూస్తారు."

వీజీ సరేనంది.