చంద్రరావు చేత రద్దు రాయించిన మధ్యాహ్నం

మా అక్క సంపూర్ణమ్మ మా ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. మొదటి రోజే నా మంచం ఆవిడదైపోయింది. రెండో రోజుకి టీవీ, మూడో రోజుకి నా ఇష్టాయిష్టాలు. నాకు డెబ్భై ఒకటి. పుట్టగానే ముసలయ్య అని పేరు పెట్టారు కాబట్టి ముసలితనం నాకు కొత్త కాదు గాని, ఈ వయసులో "చెవుల వెనకాల రుద్దుకున్నావా?" అని అడిగించుకోవడం మాత్రం కొత్తే. అంచేత ఆవిడ ఇల్లు అమ్ముడుపోవాలని ఆవిడకంటే నేనే ఎక్కువ ప్రార్థన చేశాను.

ఆ ఇల్లు మా ఊరికి కాలవ అవతల ఉంది. మూడు గదుల డాబా, వెనక ఆరు కొబ్బరి చెట్లు. బావ పోయాక అక్క దాన్ని అమ్మేసి, రామచంద్రపురంలో చర్చి పక్కన చిన్న వాటా కొనుక్కుందామనుకుంది. అమ్మిపెట్టే పని చంద్రరావు అనే బ్రోకరుకి అప్పగించింది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఏడాదికి అగ్రిమెంటు రాసుకున్నారు. ఆ ఏడాదిలో ఆవిడంతట ఆవిడ ఎవరికీ అమ్మకూడదు. మధ్యలో మానుకోవాలంటే చంద్రరావే ఆ కాగితం వెనక రద్దు అని రాసి సంతకం పెట్టాలి.

"ఇంట్లో మనుషులుంటే కొనేవాళ్ళు మొహమాటపడతారండి. ఖాళీ చేసి తాళాలు నాకిచ్చెయ్యండి, చిటికెలో అమ్మిపెడతాను" అన్నాడు. ఇచ్చేసింది.

ఆ తర్వాత పక్కింటి వీరవేణి వారానికోసారి ఫోను చేసేది. "మీ ఇంటికి రోజూ జనమేనండి పిన్నిగారూ. కార్లేసుకుని వచ్చేస్తన్నారు. నిన్న భీమవరం నించి కూడా వచ్చారు."

అక్క పొంగిపోయేది. "చూశావా, ఎంత తిరుగుతున్నాడో పాపం" అని, ఎండన పడి వచ్చేవాళ్ళకి మజ్జిగ ఇమ్మని వీరవేణికి పురమాయించింది. ఎనిమిది నెలలు గడిచేసరికి గోదావరికి రెండు పక్కలా ఆ ఇల్లు చూడని మగాడు లేడు. కొన్నవాడూ లేడు.

ఇంతలో ఆ ఇల్లు కొంటానని తబిత అడిగింది. ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. ఉన్న అద్దిల్లు ఖాళీ చెయ్యమన్నారట. "సోమవారానికి తేల్చెయ్యండమ్మా. అవదంటే పక్కూళ్ళో ఇంకోటి మాట్లాడుకుంటాం" అంది. చంద్రరావుకి ఫోను చేస్తే, "ఇంకా నాలుగు నెలలుందండి, ఆగండి" అన్నాడు. ఇల్లు చూపించమంటే ఒకరోజు జ్వరమన్నాడు, ఒకరోజు తద్దినమన్నాడు.

శనివారం పొద్దున్నే అక్క అగ్రిమెంటు కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఒరే ముసలయ్యా, నడు. తబితను పన్నెండున్నరకి రమ్మన్నాను. వాడి చేత సంతకం పెట్టించి, ఆ పిల్లకి ఇల్లు చూపించి మరీ వద్దాం."

"పెట్టనంటే?"

"పెడతాడు."

మేం వెళ్ళేసరికి గేటు ముందు నాలుగు కార్లు. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టింది అక్క. నేను వెనక నించి తొంగి చూశాను.

హాలంతా కోళ్ళు. అక్క పెళ్ళినాటి ఫొటో ఉండే మేకుకి ఈతగంప వేలాడుతోంది. దేవుని వాక్యం రాసి ఉన్న గోడకి పొడుగునా రెట్ట. బావ పడుకునే గదిలో తాడుకో కోడి చొప్పున పద్దెనిమిది పుంజులు. అందులో ఒక డేగ పుంజుని చూసి దూడ అనుకున్నానంటే నమ్మండి. అది బాదం పప్పు తింటోంది. నాకు బాదం పప్పు చివరిసారి పెట్టింది మా అమ్మ.

హాలు మధ్యలో అరడజను మంది గుండ్రంగా నిలబడి ఉన్నారు. నడుమ చంద్రరావు గొంతుక్కూర్చుని ఒక కాకిపుంజు కాలికి కత్తి కడుతున్నాడు. పందానికి ముందు చూపించి బేరం పెడుతున్నాడన్నమాట. ఎనిమిది నెలలుగా వస్తున్నది ఇల్లు కొనేవాళ్ళు కాదు, కోళ్ళు కొనేవాళ్ళు. ఆ మజ్జిగ తాగింది వీళ్ళే. కోళ్ళు అక్కే పెంచమందనుకుందట వీరవేణి.

"రండి సంపూర్ణమ్మగారూ" అన్నాడు చంద్రరావు లేవకుండానే. "కబురు పెడితే నేనే వద్దును కదండీ."

అక్క వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. ఎండిన కొబ్బరిమట్ట చేత్తో పట్టుకుని వచ్చింది.

మొదటి దెబ్బ చంద్రరావు వీపు మీద పడింది. ఆ చప్పుడుకి పుంజులన్నీ ఒకేసారి కూశాయి. రెండో దెబ్బ అడ్డమొచ్చిన బనీను మనిషి చెవి మీద పడింది. వాడు చెవి మూసుకుని పరిగెత్తితే మిగతావాళ్ళు వాడి వెనకే గేటు దాటారు. అక్క మట్ట పారేసి, బాదం పప్పు తింటున్న డేగని రెక్కలు పట్టి ఎత్తి, తడిబట్ట పిండినట్టు మెడ తిప్పేసింది. దాన్ని చంద్రరావు ముందు పడేసింది.

"రద్దు రాయి" అంది.

చంద్రరావు చచ్చిన కోడిని చూశాడు. వాడి మొహం మనిషి మొహంలా లేదు. "లక్షన్నర చేసే పుంజే ముసల్దానా!" అని లేచి ఆవిడ దవడ మీద పిడికిలితో గుద్దాడు. అక్క గోడకి కొట్టుకుని కింద పడింది. నోట్లోంచి రక్తం కారింది. ఆవిడ నన్ను చిన్నప్పటి నించి కొట్టింది గాని, ఆవిణ్ణి ఎవరైనా కొట్టగా చూడటం నాకదే మొదలు. చేతికందిన పీట తీసి వాడి నెత్తిన వేశాను. పీట విరిగింది. నెత్తి పగిలింది గాని వాడు పడలేదు. నా మొహం మీద ఒక్కటిచ్చాడు. నా నోట్లో మిగిలిన నాలుగు పళ్ళలో రెండు ఎటో వెళ్ళిపోయాయి. కింద పడ్డ నన్ను డొక్కల్లో తన్నడం మొదలెట్టాడు. మూడు తన్నుల దాకా లెక్కపెట్టాను.

నాలుగో తన్నుకి కాలెత్తినప్పుడు కట్టు వదిలిన ఆ కాకిపుంజు ఎగిరింది. కాలికి కత్తి ఉంది. అది ఎవర్ని పొడవాలనుకుందో ఏమో, చంద్రరావు తొడ లోపలి వైపు పైనించి కిందికి గీరుకుంటూ దిగింది.

వాడు అరవలేదు. లుంగీ కేసి చూసుకుని మెల్లగా కూర్చున్నాడు. రక్తం చుక్కలుగా కారలేదు, బోరు వేసినట్టు చిమ్మింది. గోడ మీద వాక్యం దాకా పడింది.

అక్క పాకుతూ వెళ్ళి నా భుజం మీది తువ్వాలు లాగి, మడిచి, గాయం మీద రెండు చేతులతో అదిమింది. ధార ఆగింది. చంద్రరావు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అమ్మగారూ... వదలకండి. అంబులెన్సుకి..."

"ముసలయ్యా, నా జాకెట్లో కాగితం తియ్యి. పెన్ను వాడి చేతికియ్యి."

"అక్కా, ముందు ఫోను..."

"పెన్నియ్యరా!"

ఇచ్చాను. చంద్రరావు తల అడ్డంగా ఊపాడు. "తర్వాత... ఒట్టండి, తర్వాత పెడతాను."

"నా చేతులు నొప్పెడుతున్నాయి, చంద్రరావూ" అంది అక్క. మెత్తగా అంది. చేతులు పైకెత్తింది. రక్తం ఉరికింది. వాడు నీళ్ళు లేని చేపలా నోరు తెరిచాడు. మళ్ళీ అదిమింది. "రాయి" అంది. వాడు ఆలోచిస్తుంటే ఇంకోసారి ఎత్తింది.

వాడు రాశాడు. రద్దు అన్న రెండక్షరాలూ కాగితానికి అడ్డంగా కొండచిలువలా వచ్చాయి. కింద సంతకం పెట్టి, పెన్ను వదిలేసి, పక్కకి ఒరిగిపోయాడు.

అప్పుడు తల తిప్పితే గుమ్మంలో తబిత నిలబడి ఉంది. ఎంతసేపటి నించి ఉందో నాకు తెలియదు. అక్క చేతులెత్తడం మాత్రం చూసింది. అది ఆ పిల్ల మొహంలోనే ఉంది.

"లెగండి" అంది అక్కతో. గారూ లేదు, అమ్మా లేదు. మోచేత్తో తోసేసి, గాయం మీద మోకాలు ఆనించి, నా మొలతాడుతో పాటు బెల్టు కూడా ఊడబెరికి వాడి తొడకి బిగించింది. ఫోను చేసింది. పంచె పట్టుకుని గోడకి జారబడ్డాను. అంబులెన్సు వచ్చేదాకా చంద్రరావు చెంపల మీద కొడుతూ పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

వాడు బతికాడు. నలభై కుట్లు పడ్డాయంటారు, నేనైతే వంద చెబుతున్నాను.

సోమవారం తబిత వచ్చి బయానా ఇచ్చింది. "పక్కూళ్ళో ఇల్లు ఎవరో కొనేశారండి, అందుకని" అంది నాతో. నెలలోపల రిజిస్ట్రేషనైంది. గోడలు కడిగించి సున్నం వేయించింది. అక్క రామచంద్రపురం వాటాలోకి వెళ్ళిపోయింది. నా మంచం నాకొచ్చింది. రెండు రోజులు నిద్ర పట్టలేదు, అలవాటు తప్పి.

ఆదివారం తబిత ఇంట్లో గృహప్రవేశ ప్రార్థన పెట్టారు. ఊరంతా వెళ్ళారు. చంద్రరావు కూడా చేతికర్రతో వచ్చాడు, వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి కాలు చాపుకోవడానికి స్టూలు వేశారు. ప్రార్థనయ్యాక వేటమాంసం, పలావు. కడుపు పట్టినంత తిని, సాయంత్రం బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళాను.

వాకిట్లోనే కూర్చుని ఉంది. మంచి చీర కట్టుకుని ఉంది.

"అయిందా?"

"ఆయ్."

"నన్ను అడిగారా ఎవరన్నా?"

గోదాట్లో పడవ మింగిన చేప కథ చెప్పి పాతికమందిని నమ్మించినవాణ్ణి. "తబిత అడిగింది. నీకు కబురు పెట్టడం మర్చిపోయిందంట. ఎంత నొచ్చుకుందో" అన్నాను.

అక్క లేచి కొంగు దులుపుకుంది.

"భోజనం చేశావా?"

"లేదు. నువ్వు లేకుండా ఏం తింటాను?" అన్నాను.

లోపలికి వెళ్ళి కంచం పెట్టింది. నాలుగు చేప ముక్కలు, అన్నం కుప్పగా వేసింది. నేను రెండో భోజనానికి కూర్చున్నాను. పొట్ట పగిలిపోతున్నా ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను. అక్క ఎదురుగా కూర్చుని నేను తినడం చూస్తూ, "ఇంకొంచెం వేసుకో" అంది. వేసుకున్నాను.