చేటెడు తవుడు

ఆపద ఒక గుమ్మం తప్పిపోతే ఆ తర్వాత ఎవరి గుమ్మానికి పోతుందన్న సందేహం కోటిలింగాన్ని రెండేళ్ళుగా పట్టుకుని ఉంది. దేవుడి ముందు దీపం పెట్టినా, కొట్లో బట్ట కొలిచే గజంబద్ద చేతిలోకి తీసుకున్నా, ఆ ప్రశ్న లోపల ఒక మూల కదులుతూనే ఉండేది. దేవుణ్ణి అడగడానికి భయం. మనుషుల్ని అడగడానికి సిగ్గు. ఆ తెల్లవారుజామున బుడ్డిదీపం వెలుగులో పిల్ల గౌన్లు మడతపెడుతూ కూడా అతను దాన్ని గురించే ఆలోచిస్తున్నాడు.

మడతపెట్టడమే అతని బతుకు. బెజవాడ వన్ టౌనులో ఒక టోకు బట్టల కొట్లో పెళ్ళికి ముందునుంచీ గుమాస్తాగా ఉన్నాడు. తానులు విప్పడం, కొలవడం, అంచుకు అంచు కలిపి మళ్ళీ మడవడం. పుట్టింది నేతవాళ్ళ ఇంట్లో. మగ్గం గుంటలో ఆడవలసిన కాళ్ళు కొట్టు పరుపు మీద మఠం వేసుకుని ఉండిపోయాయి. సన్నటి మనిషి, నలభై దాటాయి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఎప్పుడూ ఒకవైపే ఒరిగి కొలవడం వల్ల ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. యుద్ధం వచ్చి సర్కారు బట్టకు కంట్రోలు పెట్టాక కొట్లో కొలవడానికి ఏమీ మిగల్లేదు. అయినా పొద్దున్నే వెళ్ళి ఉన్న నాలుగు తానులనే దులిపి మళ్ళీ మడతపెట్టి వచ్చేవాడు.

ఆ రోజు సుబ్బరాయషష్ఠి. మోపిదేవిలో పిల్లకు పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉంది.

ఈ పిల్లకు ముందు అతని భార్య నాగమల్లేశ్వరికి ముగ్గురు పుట్టారు. ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. అందుకని నాలుగోసారి పురిట్లోనే పెద్దవాళ్ళు చెప్పినట్టు చేశారు. పక్క సందులో వడ్లు దంచుకుని బతికే శౌరమ్మకు పిల్లను అమ్మేశారు. శౌరమ్మకు కన్నబిడ్డలందరూ దక్కారు, వరసగా మెట్లలాగా ఉండేవారు. ఆవిడ చేటెడు తవుడు తెచ్చి గుమ్మం బయట నిలబడింది. అది ఆ రోజు ఆవిడ కూలి. తవుడు కోటిలింగం అందుకున్నాడు, పిల్ల ఆవిడ ఒళ్ళోకి వెళ్ళింది. ఇంక ఈ ఇంట్లో పోగొట్టుకోవడానికి బిడ్డ లేదు, ఇక్కడ పెరిగేది పరాయి పిల్ల. పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చే ఆపదకు అలా నమ్మకం కలగాలి. బారసాలనాడు బియ్యంలో రామతులసి అని రాశారు గాని, ఆ పేరు ఎవరూ పైకి పలకలేదు. అందరికీ తవుడు. పిల్లకు మాటలు వచ్చాక శౌరమ్మను అమ్మా అనడం, కన్నతల్లిని అత్తా అనడం నేర్పారు. తిరిగి కొనుక్కునేదాకా అంతే. తవుడికి తవుడు ఇచ్చి పుట్టువెంట్రుకలకు ముందు కొనుక్కోవాలి.

పిల్ల దక్కింది. బోర్లా పడింది, పాకింది, గోడ పట్టుకుని నడిచింది. ఆ ఏడు వానాకాలంలోనే శౌరమ్మ చిన్నకొడుకు ఇన్నయ్య జ్వరం తగిలి చచ్చిపోయాడు.

శౌరమ్మ ఏమీ అనలేదు. ఎప్పటిలాగే సాయంత్రం వచ్చి గుమ్మంలో కూర్చుని పిల్లను ఎత్తుకునేది. ఆవిడ ఏమీ అనకపోవడమే కోటిలింగానికి నిద్ర లేకుండా చేసింది.

"ఇదిగో, తవుడు. మర్చిపోకండి" అంటూ మల్లేశ్వరి తువ్వాలులో కట్టిన మూట అతని చేతికిచ్చి, పిల్లను లేపడానికి లోపలికి వెళ్ళింది. చాన్నాళ్ళుగా ఎదురుచూసిన రోజు. గొంతులో ఆ తొందర తెలుస్తూనే ఉంది. కోటిలింగం మూట పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తిరిగి కొనుక్కుంటే, వచ్చేదానికి మళ్ళీ తన ఇల్లు చూపించినట్టు. కొనుక్కోకపోతే అది శౌరమ్మ ఇంట్లోనే తిష్ఠ వేసినట్టు. అతను మూటను నీళ్ళ గోలెం వెనక పెట్టి, పైన పాత గోనె కప్పాడు. ఆ వంగడంలోనే భుజం కింద ఏదో పట్టేసినట్టయింది. గజంబద్ద పట్టి కొలిచే నొప్పేలే అనుకున్నాడు.

బస్సు బొగ్గుబస్సు. వెనక పీపాలాంటి పొయ్యి, అందులో బొగ్గు, దాని పక్కన విసిరి విసిరి చేతులు నల్లబడ్డ క్లీనరు. మంచు ఇంకా విడవలేదు. శౌరమ్మ మడతలు నలిగిన తెల్లచీరలో, నోట్లో చుట్టతో, వీళ్ళకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. మెడలో చిన్న సిలువ. పిల్ల ఆవిణ్ణి చూడగానే "అమ్మా" అని చేతులు చాచింది. మల్లేశ్వరి అందించింది.

ఉయ్యూరు దాటేలోపు బస్సు రెండు చోట్ల ఆగిపోయింది. చెరుకు బండ్లు దాన్ని దాటుకుంటూ ఫ్యాక్టరీ వైపు సాగిపోయాయి. "మా రోకలి నయం కోటిలింగంగారూ" అంది శౌరమ్మ. "అది మనం ఎత్తిన చోటే పడుద్ది. ఇది ఎక్కడ పడుద్దో దేవుడిక్కూడా తెలవదు."

ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ పిల్ల బుగ్గ పుణికి, ఎంత ముద్దుగా ఉందో, ఎవరి పిల్లమ్మా అని అడిగింది. ముద్దుగా ఉందని ఎవరూ అనకూడదు, దిష్టి తగులుతుంది. మల్లేశ్వరి తల వంచుకుని శౌరమ్మను చూపించింది. పెద్దావిడ శౌరమ్మ నెరిసిన జుట్టు చూసి, ఈ వయసులోనా అని నవ్వింది.

"ఏం చేస్తామండీ" అంది శౌరమ్మ. "చేటలో దొరికింది."

బస్సులో వాళ్ళు నవ్వారు. మల్లేశ్వరి నవ్వలేదు. బొగ్గు పొగకు పిల్ల దగ్గసాగింది. కోటిలింగం వెనక సీట్లోంచి చెయ్యి చాచి నుదురు ముట్టుకుని చూశాడు. వెచ్చగా ఉందా, తన చెయ్యే చల్లగా ఉందా తెలియలేదు. మార్గశిర మాసపు చలిలో అతని చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

పామర్రు దాటాక కాలవగట్టు మీద ఒక మనిషి ఒంటరిగా నడిచిపోతూ కనిపించాడు. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పిన చిన్న మోపు. వెనక డప్పు లేదు, జనం లేరు. పోయిన చిన్నపిల్లల్ని అలాగే తీసుకుపోతారు. డ్రైవరు బస్సును నెమ్మది చేశాడు. శౌరమ్మ కొంగు తీసి పిల్ల ముఖం మీద కప్పింది. కోటిలింగం ఆ మనిషి కనుమరుగయ్యేదాకా చూశాడు. మూడుసార్లు తానూ అలాగే నడిచాడు.

చల్లపల్లిలో దిగి, ఎడ్లబండి కట్టించుకుని మోపిదేవి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తిరనాళ్ళ జనం. పుట్టలో పాలు పోసేవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు, ఏడ్చే పిల్లలు, గుండు గీస్తున్న మంగళ్ళ ముందు బారులు. శౌరమ్మ గుడి లోపలికి రానంది. ఇవాళ ఈ పొలిమేరలోకి రావడానికి గుణదల మాతకు చెప్పే వచ్చానని, లోపలికి వస్తానని మాత్రం చెప్పలేదని నవ్వించింది. పిల్లను ఎత్తుకుని బండ్లు విప్పిన చోట నీడలో కూర్చుంది.

"మూట ఇవ్వండి" అంది మల్లేశ్వరి.

"మర్చిపోయి వచ్చాను."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. పదిహేనేళ్ళ కాపురంలో అతను కొట్టు తాళంచెవి గాని, కనీసం గొడుగు గాని మర్చిపోయింది లేదు.

"మీరు మర్చిపోలేదు." కేక వేయలేదు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకోలేదు. "నేను ఇంకా ఎన్నాళ్ళు అత్తనండీ?"

అతను బండ్ల వైపు నడిచాడు. నాలుగడుగులకే ఆయాసం వచ్చి ఒక బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. అవతల శౌరమ్మ ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. ఊపిరి ఆడుతోందో లేదో అని అతను వంగి చూశాడు. ఆడుతోంది.

ఎదురుగా చతికిలబడి అడిగాడు. "శౌరమ్మా, మీ ఇన్నయ్య మా పిల్ల వల్లే పోయాడంటావా?"

శౌరమ్మ పిల్ల మీద వాలిన ఈగను తోలింది.

"జొరం వల్ల పోయాడండీ. ఆ వానల్లో మా సందులో ఇంకో ఇద్దరు పోయారు. వాళ్ళేం కొన్నారు?" పిల్ల గౌను సర్దింది. "అనుకోలేదని చెప్పను. పిల్లాణ్ణి పూడ్చి ఇంటికొచ్చిన రాత్రి అనుకున్నా. తెల్లారి మీ ఇంటికొచ్చి దీన్ని చూస్తే ఒళ్ళు మండింది. దానికేం తెలుసు? అమ్మా అని చెయ్యి చాపింది. ఎత్తుకున్నా. అంతే, ఆ మంట పోయింది."

"మళ్ళీ కొనుక్కోవాలంటే భయమేసింది. తవుడు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాను."

"మరి నాకెయ్యదా భయం? నాకింకా ఐదుగురున్నారు." ఆ మాట తేలిగ్గానే అంది, కాని అతని వైపు చూడలేదు.

రెండేళ్ళుగా కోటిలింగం లెక్కలోకి తీసుకోనిది అదే. ఆవిడ భయం. గుడిలోంచి గంట వినపడుతోంది. స్వామి అన్నీ చూస్తాడని అతను చిన్నప్పటినుంచీ నమ్మాడు. అన్నీ చూసేవాడికి ఏ పిల్ల ఎవరిదో తవుడు చూపిస్తే తెలియకుండా పోతుందా? పోకపోతే ఇన్నాళ్ళూ మోసపోయింది ఎవరు? తన భారం ఎవరి నెత్తిన ఉందో మాత్రం అతనికి తెలిసింది.

"నా పిల్లను నాకిచ్చెయ్యి శౌరమ్మా" అన్నాడు లేచి. "వచ్చేది ఏదో నా ఇంటికే రానీ."

పక్కన ఒక బండివాడు ఎడ్లకు కుడితి కలుపుతున్నాడు. కోటిలింగం అతని ముందు ఉత్తరీయం పట్టి రెండు దోసిళ్ళ తవుడు అడిగాడు. ఎందుకని బండివాడు అడగలేదు. పిల్లను చూశాడు, పోశాడు. శౌరమ్మ ఆ తవుడు వేళ్ళతో తీసి వాసన చూసింది.

"మిల్లు తవుడు. నాది దంపుడు తవుడు. మీరు లాభపడ్డారు కోటిలింగంగారూ." చీర చెంగులో పోయించుకుని ముడి వేసింది. అప్పటికి మల్లేశ్వరి కూడా వచ్చి నిలబడింది. శౌరమ్మ నిద్రపోతున్న పిల్లను లేపకుండా రెండు చేతుల మీదా ఎత్తి ఆవిడకు అందించింది. "నాకు ముట్టింది. మీ పిల్ల మీది." చెయ్యి ఖాళీ అయ్యాక ఏం చెయ్యాలో తెలియనట్టు ఆ ముడినే మళ్ళీ బిగించింది.

గుండు గీసేటప్పుడు పిల్ల ఏడుపు అందుకుంది. "రామతులసీ, ఊరుకో తల్లీ" అని మల్లేశ్వరి ఎంత పిలిచినా తల తిప్పలేదు. అది ఎవరి పేరో పిల్లకు తెలియదు. నున్నటి నెత్తి మీద గంధం పూశాక చేత్తో తడుముకుని తనే నవ్వింది. ఒళ్ళు చల్లగా ఉంది. దగ్గు లేదు. కోటిలింగం స్వామి ముందు కళ్ళు మూసుకున్నాడు గాని, ఏమీ కోరుకోలేదు. కోరుకుంటే మళ్ళీ బేరం పెట్టినట్టవుతుందని అనిపించింది.

తిరుగు బస్సులో ఆడవాళ్ళిద్దరూ ముందు కూర్చున్నారు. వాళ్ళ వెనక కిటికీ పక్కన కోటిలింగం కూర్చున్నాడు. ఎడమ చెయ్యి బరువుగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఒళ్ళో పడి ఉంది. కోతలైన పొలాల మీద ఎండ పసుపుపచ్చగా వాలుతోంది. పిల్ల తల్లి ఒళ్ళో నిలబడి, శౌరమ్మ వైపు తిరిగి, "అమ్మా" అంది.

శౌరమ్మ పలకలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అమ్మా" అంది పిల్ల మళ్ళీ, కాస్త గట్టిగా. ఇప్పుడు మల్లేశ్వరి "ఏమ్మా" అంది. పిల్ల ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి, చివరికి మల్లేశ్వరి మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ భుజం మీదుగా వెనక ఉన్న తండ్రిని చూసి, గంధం పూసిన గుండు ఊపింది. కోటిలింగం నవ్వాడు. పొద్దుటినుంచీ ఒళ్ళంతా బిగబట్టుకుని కూర్చున్నవాడు సీటుకు చేరగిలబడి, తల కిటికీ కమ్మీకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

కంకిపాడు దగ్గర బస్సు ఆగినప్పుడు కండక్టరు భుజం తట్టాడు. నిద్రపోతున్నాడనుకుని ముందుకు వెళ్ళిపోయాడు. మల్లేశ్వరి నేర్పగా పిల్ల నాన్నా అని పిలిచినా అతను పలక్కపోయేసరికి ఆవిడ వెనక్కి తిరిగింది. అతని చెయ్యి పట్టుకుంది. తర్వాత శౌరమ్మ పట్టుకుని చూసింది. బెజవాడ ఇంకా కొంత దూరం ఉంది. బస్సు అతన్ని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఊరికి చేర్చింది.

మర్నాడు పొద్దున్న వాకిట్లో పడుకోబెట్టాక, పైన కప్పడానికి కొత్తబట్ట కోసం చూశారు. అన్నేళ్ళు బట్టలు కొలిచిన మనిషి ఇంట్లో కొత్తబట్ట ఒక్కటి లేదు. రేషను కార్డు మీద ఇచ్చే బట్ట ఆ నెలకు అయిపోయిందట, కొట్టు తెరిచాక యజమాని ఏదైనా పంపిస్తాడేమో చూడాలని మల్లేశ్వరి మేనమామ చౌడయ్య అంటున్నాడు.

శౌరమ్మ వచ్చి అరుగు దగ్గర నిలబడింది. చేతిలో తెల్లటి మల్లు గుడ్డ ఉంది. క్రిస్మసు పండక్కి పిల్లలకు కుట్టిద్దామని కార్డు మీద తెచ్చుకున్నది. చౌడయ్య ఆవిడ చేతుల్లోది అందుకోవాలో వద్దో తేల్చుకోలేక ఆగాడు.

"మా ఇన్నయ్య పోయిన పొద్దున, కోటిలింగంగారే కొట్లోంచి మూడు గజాల గుడ్డ కొలిచి చంకలో పెట్టుకొచ్చారు" అంది శౌరమ్మ. "మళ్ళీ ఇస్తానన్నా. సరేనన్నారు. ఇన్నాళ్ళూ కుదర్లేదు."

"తీసుకో మావయ్యా" అంది గుమ్మంలోంచి మల్లేశ్వరి. "అది ఆయనదే."

చౌడయ్య తీసుకున్నాడు. పోయిన మనిషి మీద మిల్లు ముద్ర ఉండకూడదని చివర జానెడు చింపి, మిగతాది కప్పాడు. మోసుకుపోయారు. వాకిలి ఖాళీ అయింది. నీలిముద్ర ఉన్న ఆ పేలిక అరుగు మీదే ఉండిపోయి, కాలవ మీంచి వచ్చే గాలికి ఒక అంచు లేస్తూ, మళ్ళీ అణుగుతూ ఉంది.