పసుపు పేలిక

ధనరాజు నోరు పెద్దది. ఆస్టినాబాద్‌లోని తన షెడ్డులో అతను ఎవరినైనా తిడితే రోడ్డవతల టీ కొట్టువాడికి కూడా నేరమేమిటో, నేరస్థుడెవరో తెలిసిపోతుంది. ఈసారి నేరస్థుడు పున్నయ్య. గోపినాథ్ గారి పాత లారీకి డ్రైవరు.

వానాకాలమంతా ఆ లారీ షెడ్డు చూరు కిందే ఉంది. వానలకు ముందే ధనరాజు దాని ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు ఊడదీసి, దీవిలో బాగుచేసేవాళ్లు లేక ఓడ మీద వైజాగ్ పంపాడు. అవి తిరిగొచ్చేసరికి ఇంజను కదలడం మానేసింది. గడ్డపార వేసి తిప్పినా జరగలేదు. లోపల పిస్టన్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

"రేడియేటర్లో ఏం నీళ్లు పోసినావురా?" అని అరిచాడు ధనరాజు.

పున్నయ్య తల దించుకున్నాడు. "ఎండల్లో కుళాయి రానేదు ఉస్తాద్. చిడియాటాపు రోడ్డులో ఓపాలి సముద్రం నీళ్లు పోసినాను. ఒక్కపాలే."

"సముద్రం నీళ్లా! ఇంకేటి, గాస్కెట్ తినేసి లోపలికి దిగిపోనాయి. చేసుకున్నోడికి చేసుకున్నంత!"

గోపినాథ్ ఆ మాట విన్నాడు. విననివాడెవడు గనక? సాయంత్రానికల్లా లారీ తాళం చెవి పున్నయ్య చేతిలోంచి పోయింది. బతు బస్తీలో ఉన్న అతని భార్య వీరలక్ష్మికి ఆ కబురు అతనికంటే ముందే చేరింది.

మర్నాడు పొద్దున్నే పున్నయ్య షెడ్డుకొచ్చాడు. "కూలి వద్దు ఉస్తాద్. నా పాపం నానే కడుక్కుంటాను" అంటూ స్పానర్ అందుకున్నాడు.

ఇద్దరూ కలిసి ఇంజను పైమూత, హెడ్డు, ఎత్తారు. ధనరాజు ముందు నీళ్లు లోపలికి దిగకుండా ఆపే గాస్కెట్ చూశాడు. ఎక్కడా చిరగలేదు. నీళ్లు తిరిగే దారులు చూశాడు. శుభ్రంగా ఉన్నాయి. మరి పిస్టన్ల నెత్తిన ఈ తెల్లటి పెచ్చు ఎక్కడిది? అదీ సరిగ్గా ఇంజెక్టర్ బొక్కల కిందే ఉంది. బొక్కలో కుక్కిన పేలిక పీకి, నాలుకకు తగిలించి చూశాడు. ఉప్పు.

పేలిక విప్పి వెలుగులో చూశాడు. అది తన భార్య పద్మిని పాత పసుపు చీర ముక్క. నీళ్లు కరువైన ఎండాకాలంలో షెడ్డు పేలికలన్నీ మూటగట్టుకెళ్లి జంగ్లీఘాట్‌లో సముద్రపు నీళ్లలో జాడించి ఆరేసుకోవడం అతని అలవాటు. ఇంజెక్టర్లు తీశాక దుమ్ము పడకుండా కుక్కింది ఆ పేలికల్నే. నూనెలో ముంచి కుక్కాలని తెలుసు, బద్ధకించాడు. గుడ్డలోని ఉప్పు వానాకాలపు చెమ్మంతా పీల్చి, చుక్కచుక్కగా లోపలికి దింపింది.

"ఏటైంది ఉస్తాద్?"

"ఏం లేదు. డీజిలు పొయ్యి" అన్నాడు ధనరాజు. పేలిక జేబులోకి పోయింది.

డీజిల్లో బ్రేక్ ఆయిలు కలిపి పోసి నానబెట్టారు. సిలిండర్ల తుప్పు గీకారు. ఇక లారీ కింద పడుకుని, పిస్టన్ రాడ్డుకు గట్టి పడౌక్ కలప చెక్క ఆనించి, సుత్తితో పైకి కొట్టాలి. గట్టిగా కొడితే పగులుతుంది, మెల్లగా కొడితే కదలదు. పున్నయ్యే కింద దూరాడు. కొట్టిన ప్రతిసారీ "క్షమించు తల్లీ" అని బండికి చెప్పుకుంటున్నాడు.

పైన నిలబడ్డ ధనరాజు సిగ్గుతో చితికిపోయాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. చెబితే రేపు తన షెడ్డుకు బండి ఎవడు తెస్తాడు? ఊరంతా వినబడే ఆ నోరు పెగలలేదు.

చివరి పిస్టన్ టప్పున పైకి లేచింది. పున్నయ్య ముఖం నిండా నూనెతో బయటికొచ్చాడు. "వచ్చీసింది ఉస్తాద్! నానే తీసినానని గోపినాథ్ భయ్యాకి సెప్పవా? తాళం సెవి మళ్లీ ఇస్తాడేమో."

అంతలో గోపినాథ్ రానే వచ్చాడు. వెంట కొత్త డ్రైవరు సాయి ఉన్నాడు.

ధనరాజు జేబులోంచి పేలిక తీశాడు. ఏదో గొణిగాడు.

"ఏమన్నావు ఉస్తాద్? వినబడలేదు" అన్నాడు గోపినాథ్.

"తప్పు నాది భయ్యా. ఈ ఉప్పు గుడ్డలు కుక్కింది నాను. పున్నయ్య పోసిన నీళ్లకీ దీనికీ సంబంధం నేదు."

గోపినాథ్ పేలిక కేసి చూసి నవ్వేశాడు. "అరే, ఛోడో, వదిలెయ్. పిస్టన్లు వచ్చేశాయి కదా! పొరపాటు ఎవరికి రాదు?"

"మరి వీడికి సెవి?"

"సాయికి మాటిచ్చేశాను. ఇప్పుడెలా?" అంటూ గోపినాథ్ సాయిని తీసుకుని వెళ్లిపోయాడు.

ధనరాజుకు తల ఎత్తబుద్ధి కాలేదు. తన పొరపాటు ఒక నవ్వుతో పోయింది. చేయని పొరపాటుకు పున్నయ్య అన్నం పోయింది.

"అయితే నా నీళ్లు కాదా?" అన్నాడు పున్నయ్య.

"కాదురా."

పున్నయ్య చేతిలోని చెక్క కింద పెట్టాడు.

"బతు బస్తీకి రా ఉస్తాద్. మా వీరలక్ష్మికి నువ్వే సెప్పాలి. వీధిలో నిలబడి సెప్పు" అన్నాడు. "ఆవేళ అరిసినంత గట్టిగా సెప్పు."